చదివిన మాట మెదడులో ఎంత దూరం పాకుతుంది?

తెర మీద 'వేప' అనే మాట సెకనులో ఐదో వంతు సేపు కనిపించి పోతుంది. వెంటనే 'కాకరకాయ' వస్తుంది. అది నిజంగా ఉన్న మాటేనా, ఊరికే పేర్చిన అక్షరాలా అన్నది మీట నొక్కి చెప్పాలి. వేపకీ కాకరకాయకీ నేరుగా చుట్టరికం లేదు. రెంటినీ కలిపే 'చేదు' తెర మీదికి రానేరాదు. అయినా కొందరు 'కాకరకాయ'ను రెప్పపాటులో ఓ చిన్న భాగమంత ముందుగా గుర్తుపడతారు. ఇలాంటి పరీక్షలు జర్మన్, ఇంగ్లీషు మాటలతో ఎన్నో ప్రయోగశాలల్లో జరిగాయి. తెలుగు మాటలు ఇక్కడ ఉదాహరణ కోసం చెప్పినవి. ఆ కాస్త తొందర ఎవరిలో ఎక్కువ, అది దేనికి గుర్తు అన్న విషయం మీద మాత్రం పరిశోధకులు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు.

వివాదం స్కిజోటైపీ అని పిలిచే స్కిజోటైపల్ వ్యక్తిత్వ లక్షణాల చుట్టూ నడుస్తోంది. వింత అనుభూతులు, అసాధారణమైన నమ్మకాలు, దారి తప్పే మాటతీరు, మనుషులతో కలవలేకపోవడం, ఆనందించే శక్తి తగ్గడం వీటిలో ముఖ్యమైనవి. ఇవి కొద్దో గొప్పో చాలామందిలో ఉంటాయి. ఎక్కువగా ఉండి, ఏ జబ్బూ లేకుండా ఉద్యోగం, సంసారం చేసుకుంటున్న మనిషి రాసిన మాటను చదివినప్పుడు మెదడు వేరే తీరున పనిచేస్తుందా? చేస్తే అక్షరాన్ని పోల్చుకునే దశలోనా, అర్థం విచ్చుకునే దశలోనా, వాక్యంలో దాన్ని ఇమిడ్చే దశలోనా? ఈ ప్రశ్నకు నాలుగు జవాబులు వచ్చాయి. నాలుగింటికీ ఆధారాలున్నాయి, నాలుగింటికీ ఎదురు ఆధారాలూ ఉన్నాయి. వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులను ఒకే ప్రశ్నకు వచ్చినవిగా చదవడం వల్లే ఈ చిక్కుముడి ఇంతగా బిగిసిందని నా అభిప్రాయం.

లక్షణమా, జబ్బా?

జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి ఆసుపత్రిని నడిపిన యూజెన్ బ్లాయిలర్ 1911లో స్కిజోఫ్రీనియా మీద తన పెద్ద గ్రంథాన్ని ప్రచురించాడు. ఒక ఆలోచనకూ తర్వాతి ఆలోచనకూ మధ్య ఉండాల్సిన పొత్తు సడలిపోవడం ఆ జబ్బుకు మూల లక్షణాల్లో ఒకటని అతను నమ్మాడు. అంతకు కొన్నేళ్ల ముందే అదే ఆసుపత్రిలో కార్ల్ యూంగ్ ఒక మాట చెప్పి, దానికి మనసులో మొదట తట్టిన మాటను చెప్పమనే ప్రయోగాలు చేశాడు. మాటల పొత్తుకీ మనోవ్యాధికీ లంకె ఉందన్న ఊహ అక్కడ పాతుకుంది. గుప్తంగా ఉండి బయటపడని రూపాలు కూడా ఈ జబ్బుకు ఉంటాయని, అవే ఎక్కువని బ్లాయిలర్ రాశాడు. నేటి చర్చకు బీజం అదే.

1953లో శాండర్ రాడో 'స్కిజోటైప్' అనే భావనను ముందుకు తెచ్చాడు. 1962లో అమెరికా మనస్తత్వ శాస్త్ర సంఘం అధ్యక్ష ప్రసంగంలో పాల్ మీల్ దానికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. వంశపారంపర్యంగా వచ్చే ఒక నాడీ లోపం ఉన్నవాళ్లలో స్కిజోటైపల్ వ్యక్తిత్వం ఏర్పడుతుందని, వాళ్లలో కొద్దిమందికే జబ్బు ముదురుతుందని అతని వాదన. మీల్ దృష్టిలో ఇది ఒక ప్రత్యేక వర్గం. మనిషి దానిలో ఉంటాడు, లేదా బయట ఉంటాడు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన గోర్డన్ క్లారిడ్జ్ దీన్ని ఒప్పుకోలేదు. ఈ లక్షణాలు జనాభా అంతటా ఎక్కువ తక్కువలుగా పరుచుకుని ఉంటాయని, వాటంతట అవి లోపం కావని, కొందరిలో మేలు కూడా చేయవచ్చని అతను వాదించాడు.

మరోవైపు డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో స్కిజోఫ్రీనియా రోగుల రక్తసంబంధీకుల్లో తేలికపాటి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. వాటి ఆధారంగా 1980లో, మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం డీఎస్‌ఎం మూడో కూర్పులో స్కిజోటైపల్ వ్యక్తిత్వ రుగ్మత ఒక నిర్ధారణగా చేరింది. 2013 నాటి అయిదో కూర్పు దాన్ని వ్యక్తిత్వ రుగ్మతల అధ్యాయంలోనూ, స్కిజోఫ్రీనియా కుటుంబంలోనూ రెండు చోట్లా పేర్కొంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మాత్రం దీన్ని వ్యక్తిత్వ రుగ్మతగా కాక స్కిజోఫ్రీనియా పక్కనే ఉంచుతుంది. ఏ అరలో పెట్టాలో నిపుణులకే తేలని స్థితిని ఈ తేడా చూపిస్తోంది.

పరిశోధకులు ఎక్కువగా వాడేది ప్రశ్నావళులు. ఏడ్రియన్ రేన్ 1991లో తయారుచేసిన ఎస్‌పీక్యూలో 74 ప్రశ్నలు, తొమ్మిది ఉపభాగాలు ఉన్నాయి. క్లారిడ్జ్ బృందం 1995లో తెచ్చిన ఓ-లైఫ్‌లో 104 ప్రశ్నలు. విస్కాన్సిన్‌లో లోరెన్, జీన్ చాప్‌మన్ దంపతుల బృందం అంతకుముందే వింత అనుభూతులకీ, మాంత్రిక ఆలోచనలకీ విడివిడి కొలతలు చేసింది. ఈ కొలతలు స్థూలంగా మూడు పాయలను చూపిస్తాయి. వింత అనుభూతులు, నమ్మకాలు ఒక పాయ. చెదిరిన ఆలోచన, మాటతీరు రెండోది. సామాజిక బిడియం, ఆనందం కొరవడటం మూడోది. ఒకదానిలో ఎక్కువ మార్కులు వచ్చిన మనిషికి మరోదానిలో తక్కువ రావచ్చు. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

రోగులను వదిలి మామూలు మనుషులను పరీక్షించడానికి గట్టి కారణమే ఉంది. స్కిజోఫ్రీనియాకు వాడే మందులు మనిషి స్పందనను నెమ్మదింపజేస్తాయి. ఏళ్ల తరబడి ఆసుపత్రి జీవితం, ఆగిపోయిన చదువు కూడా పరీక్ష ఫలితాన్ని మారుస్తాయి. స్కిజోటైపల్ లక్షణాలున్న ఆరోగ్యవంతుల్లో ఈ అడ్డంకులేవీ ఉండవు. వాళ్లలో తేడా కనిపిస్తే అది మందుల వల్ల కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

మాటను కొలిచే రెండు పద్ధతులు

1971లో డేవిడ్ మేయర్, రోజర్ ష్వానెవెల్ట్ చేసిన ప్రయోగంతో మొదటి పద్ధతి వాడుకలోకి వచ్చింది. 'నర్సు' పక్కన ఉన్నప్పుడు 'డాక్టరు' అన్న మాటను మనుషులు త్వరగా గుర్తుపట్టారు. దీన్నే ప్రైమింగ్ అంటారు. ఒక మాట మెదిలితే దాని చుట్టూ ఉన్న అర్థాలకు ఆ కదలిక పాకుతుందని 1975లో కాలిన్స్, లాఫ్టస్ వివరించారు. 1977లో జేమ్స్ నీలీ చేసిన ప్రయోగం దీనికి ఒక ముఖ్యమైన మెలిక పెట్టింది. రెండు మాటల మధ్య వ్యవధి బాగా తక్కువైతే పనిచేసేది మన ప్రమేయం లేని పాకుడు. వ్యవధి పెరిగితే 'తర్వాత ఫలానా రకం మాట వస్తుంది' అని మనసు కావాలనే ఎదురుచూడటం మొదలుపెడుతుంది. సెకనులో పావు వంతు వ్యవధితో చేసిన పరీక్షా, రెండు సెకన్ల వ్యవధితో చేసిన పరీక్షా చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ కొలిచేది వేర్వేరు పనులను.

రెండో పద్ధతి మెదడు తరంగాలది. 1980లో మార్తా కూటస్, స్టీవెన్ హిల్యార్డ్ ఒక్కో మాటగా వాక్యాలు చూపిస్తూ తల మీద విద్యుత్ మార్పులను నమోదు చేశారు. ఈ వాక్యం చూడండి: 'వేడివేడి అన్నంలో పప్పు కలుపుకుని పైన ఇంత నెయ్యి వేసుకున్నాడు.' ఇందులో 'నెయ్యి' స్థానంలో 'ఇసుక' వస్తే, ఆ మాట కనిపించిన దాదాపు 400 మిల్లీసెకన్లకు మెదడు తరంగం రుణ దిశలోకి గట్టిగా దిగుతుంది. ఎన్400 అనే పేరు అందుకే వచ్చింది. ముందున్న మాటలు సిద్ధం చేసిపెట్టిన అర్థానికి 'నెయ్యి' దగ్గరగా ఉంది కాబట్టి దానికి ఆ తరంగం చిన్నది. మీట నొక్కే చేతి వేగంతో దీనికి సంబంధం లేదు.

ఎన్400 విషయంలో పరిశోధకులు సాధారణంగా చెప్పేది ఒక తేడా. ఇసుకకు వచ్చిన తరంగంలోంచి నెయ్యికి వచ్చినదాన్ని తీసివేస్తే మిగిలేది అది. స్కిజోటైపల్ లక్షణాలున్నవాళ్లలో ఈ తేడా తగ్గిందని చాలా పత్రాలు చెబుతాయి. ఒక తేడా తగ్గడానికి మాత్రం రెండు దారులున్నాయి. నెయ్యికి రావాల్సిన చిన్న తరంగం పెద్దదై ఉండవచ్చు. అంటే అన్నం, పప్పు కలిసి నెయ్యిని ముందే సిద్ధం చేయలేదని అర్థం. లేదా ఇసుకకు రావాల్సిన పెద్ద తరంగం చిన్నదై ఉండవచ్చు. అంటే సంబంధం లేని మాట కూడా ఎక్కడో అంటుకుందని అర్థం. మొదటిది సందర్భం బలహీనపడటం, రెండోది పొత్తులు మరీ విశాలం కావడం. అంకె ఒకటే అయినా కథలు రెండు. ఫలితాల పట్టికలో తేడాను మాత్రమే ఇచ్చి ఊరుకున్న పత్రాలను చదివేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

మొదటి వాదం: పొత్తులు దూరం పాకుతాయి

బ్లాయిలర్ ఊహకు నేరుగా వారసత్వం ఇదే. 1990ల మొదట్లో మాన్‌ఫ్రెడ్ స్పిట్జర్ బృందం జర్మనీలో రోగులను పరీక్షించింది. ఆలోచనా క్రమం చెదిరిన స్కిజోఫ్రీనియా రోగుల్లో మధ్య మాట కనిపించని పరోక్ష ప్రైమింగ్ మామూలుకన్నా ఎక్కువగా ఉందని చెప్పింది. వేప నుంచి కాకరకాయ దాకా కదలిక పాకి, అక్కడ ఆగకుండా ఇంకా ముందుకు పోతోందన్నమాట. 1999లో స్టెఫన్ మోరిట్జ్ బృందం ఆరోగ్యవంతులను తీసుకుంది. భాషా సంబంధమైన చెదురుతనాన్ని కొలిచే ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లలోనూ పరోక్ష ప్రైమింగ్ హెచ్చుగా కనిపించింది. మందుల ప్రభావం లేని మనుషుల్లో దొరికిన ఫలితం కావడంతో దీనికి విలువ వచ్చింది.

జ్యూరిక్‌లో క్రిస్టీన్ మోర్, పీటర్ బ్రుగర్ తదితరులు 2001లో ఇంకో దారిలో వెళ్లారు. వేగాన్ని కొలవకుండా, రెండు మాటలు ఎంత దగ్గరగా ఉన్నాయో మనుషులనే అడిగారు. అతీంద్రియ శక్తుల మీద గట్టి నమ్మకం ఉన్నవాళ్లు, సంబంధం లేని మాటలను కూడా దగ్గరివిగా లెక్కించారు. పొత్తులు వదులుగా ఉన్నా అది మామూలు మనుషుల్లోని తేడాయేనని ఆ పత్రం శీర్షికే చెబుతుంది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. వదులు పొత్తు అనగానే వ్యాధి అనుకునే అలవాటు నుంచి ఈ రంగం పూర్తిగా బయటపడలేదు.

ఈ పాకుడు వాదానికి పెద్ద దెబ్బ రోగుల మీద జరిగిన పరిశోధనల నుంచే తగిలింది. ఎడిత్ పొమరోల్-క్లోటెట్ బృందం 2008లో అప్పటిదాకా వచ్చిన ప్రైమింగ్ అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. మొత్తం రోగులను తీసుకుంటే ప్రైమింగ్ పెరిగిన దాఖలా లేదు. ఆలోచన చెదిరిన రోగుల్లో కొంత పెరుగుదల ఉన్నా, అది వాళ్ల స్పందన మొత్తంగా నెమ్మదించడం వల్ల కూడా రావచ్చని వాళ్లు హెచ్చరించారు. నెమ్మదిగా మీట నొక్కేవాళ్లకు అన్ని తేడాలూ సాగి కనిపిస్తాయి. స్కిజోటైపీ మీద పనిచేసేవాళ్లు ఈ హెచ్చరికను సీరియస్‌గా తీసుకోవాలి. ఆరోగ్యవంతుల్లో నెమ్మదితనం తక్కువే కానీ అసలు లేకపోలేదు.

ఇంతగా పేరు రాని అడ్డంకి ఇంకొకటి ఉంది. ప్రైమింగ్ ఒక మనిషిలో ఈరోజు ఎంత వచ్చిందో రేపు అంతే వస్తుందన్న భరోసా తక్కువ. గుంపు సగటుగా అది స్థిరమైన ఫలితమే. ఒక్కో మనిషి స్థాయిలో ఊగిసలాడుతుంది. ఊగే కొలతను ప్రశ్నావళి మార్కులతో ముడిపెట్టి చిన్న గుంపుల్లో సంబంధం వెతికితే, ఒకచోట దొరికి మరోచోట మాయమవడంలో ఆశ్చర్యం లేదు.

రెండో వాదం: సందర్భం పట్టు సడలుతుంది

పాకుడు మామూలుగానే ఉంది, దాన్ని అదుపు చేసి అవసరమైన అర్థాన్ని మాత్రం నిలబెట్టాల్సిన సందర్భమే బలహీనంగా ఉంది అన్నది రెండో పక్షం. మార్గరెట్ నిజ్నికీవిచ్ బృందం 1999లో రుగ్మత నిర్ధారణ అయిన స్కిజోటైపల్ వ్యక్తులను పరీక్షించింది. వాక్యానికి సరిపోయిన చివరి మాటకు కూడా వాళ్లలో ఎన్400 ఎక్కువగా రుణ దిశలో కనిపించింది. మన ఉదాహరణలో చెప్పాలంటే 'నెయ్యి' కూడా కొత్తగా వచ్చిన మాటలాగే తగిలింది.

2005లో మైకేల్ కియాంగ్, మార్తా కూటస్ కాలేజీ వయసు మామూలు మనుషులతో మరింత పదునైన ప్రయోగం చేశారు. ముందు ఒక వర్గం పేరు వస్తుంది. తర్వాత ఆ వర్గానికి బాగా సరిపోయే మాటో, అంతంతమాత్రంగా సరిపోయేదో, అసలు సరిపోనిదో వస్తుంది. 'పండు' అన్నాక 'మామిడి', 'వెలగ', 'బల్ల' వచ్చినట్టు ఊహించుకోండి. ఎస్‌పీక్యూ మార్కులు పెరిగేకొద్దీ సరిపోయే మాటలకూ సరిపోనివాటికీ మధ్య ఎన్400 తేడా తగ్గింది. సంబంధం ఉన్నవాటిని దగ్గరికి తీయడంలోనూ, లేనివాటిని పక్కకు నెట్టడంలోనూ సందర్భం తక్కువగా పనిచేస్తోందని వాళ్లు వ్యాఖ్యానించారు. ఇక్కడ రెండు గుంపులను పోల్చలేదు. లక్షణం ఎక్కువయ్యేకొద్దీ తేడా తరుగుతూ పోవడం క్లారిడ్జ్ చెప్పిన చిత్రానికి దగ్గరగా ఉంది.

నా దృష్టిలో నాలుగు వాదాల్లో ఎక్కువ బరువు ఉన్నది ఇదే. ఆధారాలు స్పందన వేగం మీద ఆధారపడలేదు, రోగుల్లోనూ ఆరోగ్యవంతుల్లోనూ ఒకే దిశలో ఉన్నాయి. బలహీనత లేకపోలేదు. వర్గాల పరీక్షలో సందర్భం అంటే ఒకే ఒక్క మాట. వాక్యంలో అది అనేక మాటల కూడిక, పేరాలో చదివేవాడి జ్ఞాపకం కూడా దానికి తోడవుతుంది. ఈ మూడింటినీ సందర్భం అనే ఒకే పేరుతో పిలవడం సబబు కాదు.

మూడో వాదం: కుడి మెదడు ఎక్కువగా పాలుపంచుకుంటుంది

మామూలుగా మాటల పని ఎడమ మెదడు చూసుకుంటుంది. కుడి మెదడు అర్థాలను విశాలంగా, మసకగా పట్టుకుంటుందని ఒక వాదన చాలాకాలంగా ఉంది. స్కిజోటైపల్ లక్షణాలున్నవాళ్లలో కుడి వైపు ఎక్కువ చురుకైతే దూరపు పొత్తులు వాటంతట అవే తెరుచుకుంటాయి. 1998లో లియోన్‌హార్డ్, బ్రుగర్ సృజనాత్మక ఆలోచననీ, అతీంద్రియ నమ్మకాలనీ, భ్రమల్నీ ఒకే తాటి మీద కట్టి ఈ వాదాన్ని రాశారు. 2001లో డియెగో పిజ్జగల్లి బృందం మాటలను కంటిచూపులో ఎడమ, కుడి పక్కల్లో విడివిడిగా చూపించింది. ఎడమ పక్క చూపించినది ముందు కుడి మెదడుకు చేరుతుంది. నమ్మకాలు గట్టిగా ఉన్నవాళ్లలో అలా చూపినప్పుడే పరోక్ష ప్రైమింగ్ ఎక్కువగా కనిపించింది. అక్షరాలను గుర్తించే పనుల్లో ఎడమ, కుడి తేడాల గురించి క్లారిడ్జ్, రాలింగ్స్ 1984లోనే రాశారు.

వాదం అందంగా ఉంది. దానికి వచ్చిన ప్రచారంలో కొంత భాగం ఆ అందం వల్లే అనిపిస్తుంది. ఒక పక్క చూపించిన మాట రెండు అర్ధగోళాలను కలిపే నాడీతంతువుల గుండా క్షణంలో రెండో పక్కకీ చేరుతుంది కాబట్టి, ఏ పక్క ఏం చేసిందో తేల్చడం తేలిక కాదు. కవికీ భ్రమల్లో ఉన్న మనిషికీ ఒకే మెదడు యంత్రాంగం అంటగట్టే మాట వినడానికి ఇంపుగా ఉన్నా ప్రస్తుతానికి రుజువు కానిది. నాలుగింటిలో బాగా పలుచని ఆధారం దీనిదే.

నాలుగో వాదం: అర్థానికి ముందే తేడా

మాట అర్థం దాకా పోకముందే కంటి దశలో తడబాటు ఉందని కొందరు అంటారు. రాసిన మాట చూడగానే దాదాపు 200 మిల్లీసెకన్లలోపే ఎడమ మెదడు అడుగు భాగంలోని ఒక ప్రాంతం దాన్ని మాటగా పోల్చుకుంటుంది. 2000లో లొరాన్ కొయెన్, స్టానిస్లాస్ డెహాన్ తదితరులు ఆ ప్రాంతాన్ని స్పష్టంగా గుర్తించారు. స్కిజోఫ్రీనియా రోగుల్లో చదివే శక్తి వాళ్ల చదువుకు తగ్గట్టు ఉండదని, దానికీ చూపులోని వేగవంతమైన నాడీమార్గం బలహీనతకీ సంబంధం ఉందని 2006లో రెవ్‌హైమ్, జావిట్ బృందం చెప్పింది. ఆక్స్‌ఫర్డ్‌లో అలెగ్జాండ్రా రిచర్డ్‌సన్ 1990ల్లో డిస్లెక్సియా ఉన్న పెద్దల్లో స్కిజోటైపల్ మార్కులు ఎక్కువని చూపించింది.

ఈ దిశలో స్కిజోటైపీ మీద నేరుగా జరిగిన పని తక్కువ. డిస్లెక్సియాతో పొత్తు ఉంటే మాత్రం ఒక ప్రశ్న తప్పదు. చదవడంలోనే తడబాటు ఉన్న మనిషి ఎన్400 పరీక్షలో వేరుగా కనిపిస్తే, అది అర్థం విషయమా, అక్షరాల విషయమా? చదివే నైపుణ్యాన్ని విడిగా కొలవకుండా ఈ రెంటినీ వేరుచేయలేం.

డోపమైన్ మాట ఏమిటి?

స్కిజోఫ్రీనియాలో డోపమైన్ అనే మెదడు రసాయనం హెచ్చు అన్నది పాత లెక్క. ఆ లెక్కన డోపమైన్ పెరిగితే పొత్తులు ఇంకా వదులవ్వాలి. 1996లో కిష్కా, స్పిట్జర్ తదితరులు ఆరోగ్యవంతులకు డోపమైన్‌ను పెంచే లెవోడోపా ఇచ్చి చూస్తే దానికి ఎదురు జరిగింది. పరోక్ష ప్రైమింగ్ తగ్గి, అర్థాల కదలిక మరింత కుదురుకుంది.

2010లో క్రుమెనాకర్, మోర్, హాకర్, బ్రుగర్ మరో ప్రయోగం చేశారు. అతీంద్రియ శక్తులను గట్టిగా నమ్మేవాళ్లకీ, నమ్మనివాళ్లకీ మాటలనూ ముఖాలనూ అతి కొద్దిసేపు చూపించారు. కొన్నిసార్లు అవి నిజమైన మాటలు, కొన్నిసార్లు గజిబిజి అక్షరాలు. నమ్మేవాళ్లు అక్షరాల గజిబిజిలోనూ 'మాట ఉంది' అనడానికి ఎక్కువ మొగ్గు చూపారు. లెవోడోపా ఇచ్చాక తేడా పట్టే శక్తి తగ్గింది నమ్మనివాళ్లలోనే. ఈ ఫలితంలో నాకు విలువైనదిగా తోచేది ఒక వేరుపాటు. మాటనూ గజిబిజినీ విడదీయగల శక్తి ఒకటి, అనుమానం ఉన్నప్పుడు 'ఉంది' అనే మొగ్గు ఇంకొకటి. వింత నమ్మకాల పాయకు రెండోదానితో సంబంధం ఎక్కువగా కనిపిస్తోంది. ముందు చెప్పిన పరీక్షల్లో ఎక్కువ భాగం ఈ రెంటినీ విడదీయలేదు.

మెదడు ఎప్పుడూ ముందే ఊహిస్తూ, వచ్చిన సంకేతంతో ఆ ఊహను సరిచూసుకుంటుందనే సిద్ధాంతం కొన్నేళ్లుగా ఈ రంగాన్ని ఆకర్షిస్తోంది. దానితోనూ ఒక పేచీ ఉంది. ఎన్400 ఫలితాలను బట్టి స్కిజోటైపల్ లక్షణాలున్నవాళ్లలో ముందస్తు ఊహ బలహీనం. 2015లో టాయ్‌ఫెల్ బృందం నలుపు తెలుపు మరకలుగా చెరిపిన బొమ్మలతో చేసిన ప్రయోగంలో మాత్రం, భ్రమల వైపు మొగ్గున్నవాళ్లు తమ ముందస్తు జ్ఞానాన్ని ఎక్కువగానే వాడుకున్నారు. ఒకటి వాక్యంలో మాట, ఒకటి బొమ్మ. బొమ్మను చూసే స్థాయిలో ఊహ బలంగా, వాక్యార్థం స్థాయిలో బలహీనంగా ఉండటం అసాధ్యమేమీ కాదు. ఒకే మనిషికి రెండు పరీక్షలూ పెట్టి చూసినప్పుడే అది తేలుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

పాకుడు వాదానికి బలం, అది బ్లాయిలర్ నుంచి వస్తున్న ప్రశ్నకు నేరుగా జవాబివ్వడం. దాని బలహీనత కొలత ఊగిసలాట. సందర్భం వాదానికి ఆధారాలు గట్టివి, దాని లోపం ఆ మాటను మరీ వదులుగా వాడటం. కుడి మెదడు వాదం ఆకర్షణీయం, ఆధారం పలుచన. కంటి దశ వాదం తక్కిన మూడింటికీ పోటీ కాదు, వాటి ఫలితాలను కలుషితం చేయగల అంశం. దాన్ని ముందు కొలిచి పక్కన పెట్టకపోతే మిగిలిన మూడింటినీ నమ్మలేం.

మొదటి రెండు వాదాల మధ్య ఉన్నట్టు కనిపించే వైరం పెద్దగా లేదనే నేను అనుకుంటున్నాను. వ్యవధి తక్కువగా ఉన్న పరీక్షలు పాకుడునీ, ఎక్కువగా ఉన్నవి సందర్భాన్నీ కొలుస్తాయి. పైగా మోరిట్జ్ తీసుకున్నది చెదిరిన భాష, జ్యూరిక్ బృందాలు తీసుకున్నవి వింత నమ్మకాలు, కియాంగ్ తీసుకున్నది మొత్తం మార్కులు. మూడు పాయల్లో వేర్వేరు పాయలను పట్టుకుని అన్నీ స్కిజోటైపీ ఫలితాలే అంటే తగాదా తీరదు. చెదిరిన ఆలోచన పాయ సందర్భంతోనూ, వింత అనుభూతుల పాయ 'మాట ఉంది' అనే మొగ్గుతోనూ ముడిపడి ఉంటుందని నా అంచనా. ఆనందం కొరవడే మూడో పాయ గురించి ఈ అధ్యయనాలు చెప్పేది చాలా తక్కువ.

ఇంకా తేలనివి, మనకు సంబంధించినవి

పైన చెప్పిన మాటల ప్రయోగాలన్నీ రోమన్ లిపిలో రాసే భాషల్లో జరిగినవి. తెలుగుకు వచ్చేసరికి రెండు సంగతులు మారతాయి. మన లిపిలో గుణింతం, ఒత్తు హల్లు చుట్టూ పైనా కిందా పక్కనా చేరతాయి. కంటి దశ పని రోమన్ లిపిలోకన్నా భిన్నంగా ఉంటుంది. వాక్యం చివర క్రియ రావడం, ఒకే మాటకు ప్రత్యయాలు వరసగా అతుక్కోవడం రెండోది. తెలుగు చదివేవాడు కర్తనీ కర్మనీ పట్టి ఉంచుకుని క్రియ కోసం ఎదురుచూస్తాడు. సందర్భం పట్టు సడలడమే అసలు తేడా అయితే, అది ఇలాంటి భాషలో ఇంకా స్పష్టంగా బయటపడాలి. సందర్భం వాదానికి ఇది మంచి పరీక్ష.

ప్రశ్నావళుల విషయం ఇంకా సున్నితమైనది. జ్యోతిషం, భవిష్యత్తు తెలియడం, ఆరో ఇంద్రియం లాంటి అనుభవాలు మీకున్నాయా అని ఎస్‌పీక్యూ అడుగుతుంది. ముహూర్తం చూడకుండా పెళ్లి చేయని, పసిబిడ్డకు దిష్టి తీయకుండా నిద్రపుచ్చని ఇళ్లలో ఈ ప్రశ్నకు 'ఔను' అనడం వ్యక్తిత్వ లక్షణం కాదు, ఇంటి ఆచారం. నమ్మకం మనిషి సంస్కృతికి పొసగనిదైతేనే లెక్కలోకి తీసుకోవాలని డీఎస్‌ఎం కూడా చెబుతుంది. ఆ ప్రశ్నావళిని తెలుగులోకి యథాతథంగా దించి మార్కులు వేస్తే వేలమంది మామూలు మనుషులు అనుమానితులవుతారు. రేన్ తొలి పత్రంలో, మార్కుల్లో పైనున్న పదో వంతు మందిలో 55 శాతానికి రుగ్మత నిర్ధారణ అయింది. అక్కడ కూడా దాదాపు సగం మందికి ఆ నిర్ధారణ వర్తించలేదు.

ఎన్400 గానీ ప్రైమింగ్ గానీ ఒక మనిషికి రేపు జబ్బు వస్తుందో రాదో చెప్పే పరీక్ష కాదు. వీటిలో కనిపించే తేడాలు గుంపు సగటుల్లోవి. ఒకరి మాటతీరు చూసి, ఊహాశక్తి చూసి, నమ్మకాలు చూసి ముద్ర వేయడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు.

మన విశ్వవిద్యాలయాల్లో మనస్తత్వ శాస్త్రం, భాషాశాస్త్రం, నాడీశాస్త్రం చదివే యువ పరిశోధకులకు ఒక విన్నపం. ముందు ఇక్కడి ఆచారాలకు తగ్గట్టు సరిదిద్దిన ప్రశ్నావళిని, చదివే నైపుణ్యాన్ని కొలిచే పరీక్షతో కలిపి తయారుచేయండి. తెలుగు మాటల మధ్య పొత్తులను జనం నోటి నుంచే సేకరించి పట్టిక కట్టండి. ఆ తర్వాత మూడు పాయలనూ విడివిడిగా, తక్కువ ఎక్కువ వ్యవధులు రెంటితోనూ, ఒకే మనుషుల మీద పెద్ద సంఖ్యలో పరీక్షించండి. సంబంధం లేదని తేలినా ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించండి.